వయొలిన్లకు విడిచిన జాగా

ఆ పాటకు కర్త లేడని శ్యామ్‌సుందర్ మైకులో చెప్పినప్పుడు కోటమ్మ పేపరు ప్లేటులోంచి పులిహోర ముద్ద తీసి నోట్లో పెట్టుకోబోతోంది. చెయ్యి మధ్యలోనే ఆగిపోయింది.

"ఇది పల్లె జనం నోట పుట్టిన పాట. ఎవరు కట్టారో ఎవరికీ తెలియదు. అందుకే సినిమా క్యాసెట్ మీద కూడా జానపదం అని వేశారు. దసరా ప్రోగ్రాంలో మన పిల్లలు దీనికే డ్యాన్స్ చేయబోతున్నారు. ఇప్పుడు చిన్న శాంపిల్."

అమెరికాలో, క్యారీ ఊళ్లో ఒక స్కూలు కెఫెటేరియా అది. చవితి వెళ్లిన రెండో శనివారం. ఎనభై మంది తెలుగువాళ్లు తలా ఒక వంటకం తెచ్చుకుని, బెంచీల మీద కూర్చుని తింటున్నారు. శ్యామ్‌సుందర్ టేప్ రికార్డర్ బటన్ నొక్కాడు. డప్పు, దాని వెంట వేణువు, ఆ వెనక ఆడగొంతు వచ్చాయి. ఆరుగురు ఆడపిల్లలు వరసగా నిలబడి నడుం మీద చెయ్యి పెట్టారు. మూడో పిల్ల రేణు, కోటమ్మ మనవరాలు. పన్నెండేళ్లు.

*ఆకు మీద ఆకు పెట్టి*
*ఆశ మీద ఆశ పెట్టి*
*చిలక చుట్టి ఇస్త రారా*
*చిలిపి చూపుల కొంటె బావా*

"తినమ్మా," అంది పక్కనున్న కూతురు జయంతి.

"అతనేమన్నాడే?"

"ఏదో అన్నాడులే. తిను."

"కర్త లేడన్నాడు."

జయంతి తల్లి ముఖం చూసింది. ప్లేటు పక్కన పెట్టి లేచింది. పాట అయిపోయి చప్పట్లు ఆగేదాకా గోడ పక్కన నిలబడి, శ్యామ్‌సుందర్ను వెంటబెట్టుకుని వచ్చింది. ఆయన అసోసియేషన్ సెక్రటరీ. వరంగల్ మనిషి, మర్యాద తెలిసినవాడు. కోటమ్మ ముందు మోకాలి మీద కూర్చున్నాడు.

"పిన్నిగారూ, జయంతిగారు చెప్తున్నరు. ఈ పాట మీరు కట్టిందంటున్నరు, నిజమేనా?"

"నిజమేనయ్యా."

"ఎప్పుడు కట్టిన్రు?"

"సినిమా రాకముందే. చిలకలూరిపేట పొగాకు కంపెనీలో ఆకు ఏరేటప్పుడు."

వెనక బెంచీ మీద ఎవరో, "మా నాయనమ్మ కూడా తనదే అంటుందండీ ఆ పాట," అన్నారు. నలుగురు నవ్వారు. శ్యామ్‌సుందర్ నవ్వలేదు.

"నేను మీ మాట కాదంటలేను పిన్నిగారూ. సావనీర్ నేనే ఎడిట్ చేస్తున్న. శుక్రవారం ప్రెస్‌కు పోతది. గంతలోపు ఏదన్న ప్రూఫ్ ఉంటే తీస్కరాండ్రి. ఒక కాగితం, ఒక టేపు, ఏదైనా సరే. కోటమ్మగారని పెద్దక్షరాల్ల ఏస్త."

అడిగినదాంట్లో తప్పేమీ లేదు. కోటమ్మకు అదే కష్టంగా తోచింది.

ఆదివారం పొద్దున జయంతి ఫోన్ తీసింది. ఆమె నర్సు. కిందటి నెల తన వార్డులో ఒక ప్రొఫెసరమ్మకు ఆపరేషన్ జరిగింది. పేరు వీవర్. కరొలీనా పొగాకు తోటల్లో ఆడవాళ్లు పాడుకునే పాటలను ఇరవయ్యేళ్లుగా టేపులకెక్కిస్తున్న మనిషి. మా అమ్మ కూడా పొగాకు పనిలో పాటలు కట్టిందని జయంతి మందులిస్తూ మాటవరసకు చెబితే, ఆవిడ మంచం మీద లేచి కూర్చుంది. ఎప్పుడు తీసుకొస్తావని రెండుసార్లు కార్డు రాసింది. జయంతికి ఇన్నాళ్లూ తీరలేదు.

ఇప్పుడు అయిదు నిమిషాల్లో అంతా ఖాయమైంది.

"గురువారం పదింటికమ్మా. యూనివర్సిటీ లైబ్రరీలో టేపు పెడతారట. దాని మీద పాట పేరు, కట్టినవాళ్ల పేరు, ఊరు అన్నీ ఉంటాయట. ఎవరడిగినా తీసి వినిపిస్తారు. ఇంతకంటే ప్రూఫ్ ఏం కావాలి శ్యామ్‌సుందర్‌కి?"

"నా పేరేనా?"

"నీ పేరే. ఒక్కటే చెప్పిందావిడ. సినిమా వరుస వద్దట. నువ్వు ఆకు ఏరుతూ ఎట్లా పాడావో అట్లాగే పాడాలట."

"అట్టాగే పాడతా. నా పాట నాకు రాదా ఏందే?"

అల్లుడు రామమోహన్‌కు ఉత్సాహం వచ్చింది. మందుల కంపెనీ ల్యాబులో పని ఆయనది. ఏ పనైనా ముందొకసారి పరీక్ష చెయ్యందే నిద్రపట్టదు. డైనింగ్ టేబుల్ మీద ప్లేట్లు జరిపి టేప్ రికార్డర్ పెట్టాడు.

"ట్రయల్ వేద్దాం అత్తయ్యా. గురువారం కంగారు ఉండదు."

కోటమ్మ కుర్చీ వద్దని కింద కూర్చుంది. కొంగు బిగించింది. పాడింది.

*ఆకు మీద ఆకు పెట్టి*
*అలుపు మీద అలుపు పెట్టి*
*కట్ట కట్టిన చేతి కంపు*
*కడిగితే పోదే కోటమ్మా*

మొదటి చరణం అయింది. ఆగింది. రెండోది ఎత్తుకుంది. మూడోదీ అయ్యాక రామమోహన్ బటన్ నొక్కి చప్పట్లు కొట్టాడు. జయంతి కళ్లు తుడుచుకుంది. తల్లి గొంతెత్తి పాడగా విని చాలా ఏళ్లయింది.

మెట్ల మీద కూర్చున్న రేణు మాత్రం తల ఒక పక్కకు వంచింది.

"అమ్మమ్మా, నువ్వు అక్కడ ఎందుకు ఆగింది?"

"ఎక్కడే?"

"మిడిల్‌లో. వయొలిన్స్ వచ్చే ప్లేస్."

"వయొలిన్లేందే?"

"డాడీ, రివైండ్ చెయ్యి."

టేపు వెనక్కి తిరిగింది. కోటమ్మ గొంతు వినిపించింది. చరణం ముగిసింది. నిశ్శబ్దం. టేపులో ఫ్రిజ్ హోరు ఒక్కటే వినిపిస్తోంది. ఆ నిశ్శబ్దంలోకి రేణు చూపుడువేలు గాల్లో ఆడిస్తూ కూనిరాగం తీసింది. క్యాసెట్‌లో చరణానికీ చరణానికీ మధ్య వయొలిన్లు వాయించే ముక్క అది. నెల రోజులుగా ఆ ముక్కకు గుండ్రంగా తిరగడం ప్రాక్టీస్ చేస్తోంది. ఆమె రాగం ఎక్కడ ఆపిందో సరిగ్గా అక్కడ టేపులో కోటమ్మ రెండో చరణం మొదలైంది.

రామమోహన్ పగలబడి నవ్వాడు. "టైమింగ్ చూశారా అత్తయ్యా. ఆర్కెస్ట్రా లేకుండానే."

జయంతి కూడా నవ్వింది. కోటమ్మ నవ్వలేదు.

"ఇంకోసారి పెట్టండి అల్లుడుగారూ."

పెట్టాడు. ఈసారి ఆమె తలవంచుకుని వింది. 'ఆకు' అన్నచోట చిన్న విరుపు. అది సినిమాలో పాడినావిడ విరుపు. 'పెట్టి' దగ్గర ఎగదోసి దింపడం. అదీ ఆవిడదే. నడక ఆ డప్పు నడక. మాటలు మాత్రమే కోటమ్మవి.

"షెడ్డులో వయొలిన్లు ఎక్కడియ్యి?" అంది, ఎవరినీ ఉద్దేశించకుండా.

సోమవారం ఎనిమిదింటికల్లా ఇల్లు ఖాళీ అయింది. రెండు కార్లు, ఒక స్కూలు బస్సు వెళ్లిపోయాయి. తర్వాత వీధిలో మనిషి అలికిడి లేదు. అద్దాల కిటికీ అవతల పచ్చగడ్డి, దాని అవతల ఇలాంటివే ఇళ్లు.

కోటమ్మ డ్రయర్లోంచి వేడి తువ్వాళ్లు తీసి నేల మీద కుప్ప పోసింది. ఎదురుగా కూర్చుంది. ఒకటి తీసి, పరిచి, అరచేత్తో నిమిరి, పక్కన పెట్టింది. ఇంకొకటి. షెడ్డులో వరసకు నలభై మంది. మేస్త్రీ వెనక తిరుగుతుంటాడు. చూపు ఆకు మీదే ఉండాలి, నోరు మాత్రం ఎవరి చెప్పుచేతల్లోనూ లేదు. అక్కడ పుట్టిందది. నోరు తెరిచింది.

డప్పు నడకే వచ్చింది.

ఆపింది. చివరి నుంచి మొదలెట్టి చూసింది. తన పేరున్న పాదం సినిమాలో లేదు కదా, దాని వరుసైనా వాళ్లు తాకకుండా మిగిలి ఉంటుందనుకుంది. 'కడిగితే పోదే కోటమ్మా.' 'చిలిపి చూపుల కొంటె బావా' అనే మెట్టు మీద అది చక్కగా ఎక్కి కూర్చుంది. నెమ్మదిగా పాడి చూసింది. నెమ్మదిగా పాడిన సినిమా పాటయింది. గొంతు తగ్గించింది. తగ్గించిన సినిమా పాటయింది.

మంగళవారం కూడా తువ్వాళ్లు ముందు వేసుకుని కూర్చుంది. మురికి లేని తువ్వాళ్లు మళ్లీ ఉతికి ఎందుకు ఆరేశావని జయంతి సాయంత్రం అడిగితే ఊరికేనంది.

స్కూలు నుంచి వచ్చిన రేణు పాలు పోసిన అటుకుల్లాంటి సీరియల్ గిన్నెతో ఆమె ఎదుట కూర్చుంది. క్యాసెట్ పెట్టలేదు. ఆదివారం నుంచి పెట్టడం లేదు.

"వాళ్లకి నీ పాట ఎట్లా దొరికింది అమ్మమ్మా?"

"కంపెనీ వార్షికోత్సవానికి హార్మోనియం ఆయన వచ్చాడు. మద్రాసు నుంచి, సినిమాలకు వరుసలు కట్టేవాడు. ఆడోళ్లంతా నన్ను ముందుకు తోశారు. పాడా. బాగుందమ్మా, మళ్లీ పాడమన్నాడు. పాడా. రాసుకున్నాడు."

"దెన్?"

"పోయాడు."

"దట్స్ ఇట్?"

"అంతే. మరుసటేడు సినిమా హాలు ముందు నుంచి నడిచొస్తుంటే మైకులో నా పాట. ఆకు అదే. పొగాకు కాస్తా తమలపాకైంది. నేను కాస్తా కొంటె బావనయ్యా."

రేణు నవ్వి, వెంటనే నవ్వు ఆపుకుంది. "నువ్వు స్యూ చెయ్యాలి అమ్మమ్మా."

"అంటే ఏందే?"

"కోర్ట్‌కి వెళ్లు."

"ఎళ్లి? పాడమంటాడు జడ్జిగారు. ఏం పాడను?"

రేణు గిన్నెలో చెంచా తిప్పుతూ కూర్చుంది. కాసేపటికి, "నేను వినకుండా ఉంటే పోతుందా? టూ డేస్ నుంచి వినట్లేదు, బట్ ఇంకా ఉంది," అంది నుదుటి మీద వేలితో కొట్టుకుంటూ.

"నాకు ఇరవై రెండేళ్ల నుంచి ఉంది," అంది కోటమ్మ. "పెళ్లిళ్లలో అదే, లారీల్లో అదే. ఆ షెడ్డులో కూడా, ఇక్కడికొచ్చే ముందు పోయి చూస్తే, కొత్త పిల్లలు సినిమాదే పాడుతున్నారు. నేనూ గొంతు కలిపా."

బుధవారం రామమోహన్ రెండింటికే ఆఫీసు నుంచి వచ్చాడు.

"చెప్పులు వేసుకోండి అత్తయ్యా. ఇక్కడికి ఇరవై మైళ్ల దూరంలో పొగాకే. ఆకు చేతిలో పడితే అదే వస్తుంది."

కోటమ్మకు కూడా అది సబబనిపించింది. కారెక్కింది. ఊరు దాటాక రోడ్డు సన్నబడింది. అటూ ఇటూ కోసేసిన పొగాకు మొక్కల మోళ్లు. ఒక షెడ్డు ముందు ముసలి రైతు ట్రక్కు మీదకు గోనె మూటలు ఎక్కిస్తుంటే రామమోహన్ కారు ఆపి దిగాడు. ఏం చెప్పాడో గాని రైతు టోపీ తీసి తల గోక్కుని, లోపలికి రమ్మని చెయ్యి ఊపాడు.

గడప దాటకముందే వాసన వచ్చింది. కోటమ్మ నిలబడిపోయింది. అదే వాసన. మూడు రోజుల తర్వాత ఆమె మొహం విచ్చుకుంది.

రైతు కుర్చీ తెచ్చాడు. ఆమె గోనె పరుచుకుని కింద కూర్చుని, ఆకు కుప్పను తన వైపు లాక్కుంది. కాడ పట్టుకుని ఎత్తడం, మడత విప్పడం, బొటనవేలితో మందం చూడడం, కొన చూడడం, వెయ్యడం. నిమ్మపండు రంగు ఎడమకు, నారింజ కుడికి, మచ్చపడ్డది వెనక్కి. మొదటి పది ఆకులకు కళ్లు కావలసివచ్చాయి. ఆ తర్వాత అక్కర్లేకపోయింది. రైతు ఎడమ కుప్పలోంచి గుప్పెడు తీసి వెలుతురులో పెట్టి చూశాడు. రామమోహన్‌తో ఏదో అన్నాడు.

"ఈ సీజనుకి మిమ్మల్ని ఇక్కడే వదిలి వెళ్లమంటున్నాడు."

"అన్నం వండుతారేమో అడగండి."

చేతులు సాగుతున్నాయి. వాటిదొక నడక. ఎత్తడం, విప్పడం, నిమరడం, ఒక చిన్న తడవు, వెయ్యడం. ఆ తడవు దగ్గరే ఏదో ఉండేది. అక్కడ ఊపిరి పీల్చుకునేవాళ్లు. నలభై మంది ఒక్కసారి. కోటమ్మకు ఆ ఊపిరి గుర్తొచ్చింది. పాటకు ముందు గుండె నిండేది గుర్తొచ్చింది. రామమోహన్ రికార్డర్ బటన్ మీద వేలు పెట్టి నిలబడ్డాడు. ఆమె కళ్లు మూసుకుని నోరు తెరిచింది.

ఆకు మీద ఆకు పెట్టి.

విరుపుతో సహా వచ్చింది. ఆమె ఆపలేదు. చేతులు దారి చూపిస్తాయి, పాట వాటి వెంట నడుస్తుందని నమ్మింది. రెండో పాదం, మూడో పాదం. చేతులు తొందరపడ్డాయి. ఆ చిన్న తడవు పోయింది. ఎత్తి వెయ్యడం, ఎత్తి వెయ్యడం, డప్పు దెబ్బకొక ఆకు. చరణం ముగిసింది. చేతులు రెండూ గాల్లో నిలిచిపోయి ఎదురుచూశాయి.

కళ్లు తెరిచింది. ఎడమ కుప్పలో, పసుపు మధ్యన, మచ్చపడ్డ ఆకులు మూడున్నాయి. ఒక్కొక్కటే ఏరి వెనక్కి వేసింది. ఇన్నేళ్ల పనిలో మేస్త్రీ ఒక్కనాడు కూడా ఆమె కుప్పలో వేలు పెట్టి చూపించింది లేదు.

"పోదాం పదండి," అంది.

రామమోహన్ కారు తీశాడు. ఊరు దగ్గర పడ్డాక చెప్పాడు.

"అత్తయ్యా, అదే పాడెయ్యండి. ఆవిడకి తెలుగు రాదు, సినిమా పాట విననే లేదు. శ్యామ్‌సుందర్ టేపు ఉందా లేదా అనే చూస్తాడు. మాటలు మీవే. అన్యాయం జరిగింది మీకే. ఎవరికి తెలుస్తుంది?"

"మీరు మంచికే చెప్తున్నారు," అంది కోటమ్మ. అల్లుడి మాట కాదనడం ఆమెకు అలవాటు లేదు. అవుననీ అనలేదు.

గురువారం పదికి అయిదు నిమిషాల ముందే ప్రొఫెసర్ వీవర్ లైబ్రరీ గుమ్మంలో నిలబడి ఉంది. పొడుగాటి మనిషి, తెల్లజడ. కోటమ్మ రెండు చేతులూ పట్టుకుని, వేళ్లు తిప్పి చూసి, ఏదో అంది.

"ఈ చేతులు ఎక్కడున్నా గుర్తుపడతానంటోంది," అంది జయంతి.

గోడలకు కూడా తివాచీ పరిచిన చిన్న గది. మధ్యన మైకు, పక్కన పెద్ద రీళ్ల టేపు యంత్రం. మొదట ఆవిడ ఒక పాత టేపు వినిపించింది. కరొలీనాలో పొగాకు ఆకును కర్రలకు కట్టే ముసలమ్మ పాడింది. కోటమ్మకు ఒక్క ముక్క అర్థం కాలేదు. కాని మధ్య మధ్య ఊపిరి తీసే చోటు తెలిసింది. పాట ఆ ముసలమ్మ చేతులతో నడుస్తోంది.

"ఈమె పేరుందా?"

జయంతి అడిగింది. ఉందట. పేరు, ఊరు, పాడిన తేదీ అన్నీ ఉన్నాయట. ఆమె పోయి పదేళ్లయిందట. నిరుడు ఎవరో కుర్రాళ్లు రికార్డులో ఆ పాట వాడుకుంటే, కింద ఆమె పేరు వేయించాల్సి వచ్చిందట, ఈ టేపు ఉండబట్టే.

జయంతి ఈ చివరి మాట చెప్పేటప్పుడు తల్లి మోకాలు గట్టిగా నొక్కింది. టేపు తిరగడం మొదలై ఎర్రదీపం వెలిగింది.

కోటమ్మ మూడుసార్లు పాడింది. మొదటిసారి చరణాల మధ్య ఖాళీ విడవకూడదని తోసుకుపోయి, ఊపిరి చాలక దగ్గింది. రెండోసారి 'ఆకు' దగ్గర విరవకుండా పాడబోతే స్వరం తప్పింది. మూడోసారి ఆపాలని చూడలేదు. నిండుగా, ఎక్కడా తడబడకుండా, మొదటి నుంచి చివరిదాకా వచ్చింది. ప్రొఫెసర్ కళ్లద్దాలు తీసి తుడుచుకుంది.

"ఇంత పాత నడక, ఇంత చెక్కుచెదరకుండా వినడం అపురూపం అంటోందమ్మా," అంది జయంతి. ప్రొఫెసర్ ఇచ్చిన కాగితం మోకాలి మీద పెట్టుకుని పెన్ను తీసింది. పాట కట్టినవారు అన్నచోట గబగబా రాసింది.

"ఏం రాశావే?"

"నీ పేరు."

"తీసెయ్."

"అమ్మా."

"వరుస నాది కాదే. హార్మోనియం ఆయనది. పాడిందీ నేను కాదు, సినిమా ఆవిడ నాలోంచి పాడింది. తీసెయ్."

"మాటలు నీవి కాదా? మొదట కట్టింది నువ్వు కాదా?"

"అవును. ఆ షెడ్డు పాట కింద రాయి, అదెక్కడుందో తెచ్చి. ఈ పాట కింద కాదు."

జయంతి కదల్లేదు. రేపే శుక్రవారం, సావనీర్ ప్రెస్‌కు పోయే రోజు. ప్రొఫెసర్ ఇద్దరినీ మార్చి మార్చి చూసి, ఏమైందని అడిగింది. జయంతి చిరునవ్వు తెచ్చుకుని, ఏమీ లేదు, అమ్మ అలిసిపోయిందని ఇంగ్లీషులో చెప్పి, సంతకం చోటు చూపిస్తూ కాగితం తల్లి ముందుకు జరిపింది.

కోటమ్మకు ఇంగ్లీషు రాదు. పాస్‌పోర్టు మీద తన పేరు ఎట్లా ఉంటుందో మాత్రం తెలుసు. విమానాశ్రయాల్లో ఎక్కడ వేలు పెట్టి చూపించాలో నేర్పి పంపించారు. ఆ అక్షరాలు కాగితం మీద వెతికి పట్టుకుంది. వాటి మీద అడ్డంగా ఒక గీత గీసింది. వంకర పోకుండా, నిదానంగా. కింద, పాడినవారు అన్నచోట, తెలుగులో సంతకం చేసింది.

ప్రొఫెసర్ కాగితం తీసుకుని ఆ గీత చూసింది. రీలు వైపు చూపించి, టేపు ఇంకా సగానికి పైగా ఉంది, మీ అమ్మగారు కట్టినవి వేరేవి పాడతారా, ఏవైనా సరే, అంది.

జయంతి చెప్పింది.

కోటమ్మ మైకు వైపు చూస్తూ ఆలోచించింది. ఒకటి కాదు, చాలా ఉండేవి. జొన్న చేను మీద ఒకటి, మేస్త్రీ మీద ఒకటి, జయంతి కడుపులో ఉన్నప్పుడు ఒకటి.

"పదీ పన్నెండు ఉండేయని చెప్పవే. వాటిని ఎవరూ ఎత్తుకుపోలా. మైకులో ఎవరూ ఎయ్యలా. అందుకని మాట కూడా మిగల్లా."

ఎర్రదీపం ఇంకా వెలుగుతూనే ఉంది. ప్రొఫెసర్ బటన్ మీద వేలు ఉంచి, జయంతి ఇంగ్లీషులో ఏం చెబుతుందా అని ఎదురు చూస్తోంది.